ఫైట్‌లో ఎవరికి ఎంత చోటు: మార్షల్ ఆర్ట్స్ సినిమాల్లో ప్రాతినిధ్యం లెక్క

మార్షల్ ఆర్ట్స్ సినిమాలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఏయే జాతులవాళ్లు ఉన్నారు అని లెక్కపెట్టడానికి పోస్టర్ సరిపోతుంది. వాళ్లకి నిజంగా చోటు దొరికిందా అన్నది మాత్రం ఫైట్లు చూస్తేనే తేలుతుంది. ఈ సినిమాల్లో మనిషి ఎలాంటివాడో డైలాగు కన్నా ఒళ్లే ఎక్కువ చెప్తుంది. ఎవరి దెబ్బ మొదటినుంచి చివరిదాకా ఫ్రేములో ఉంది, ఎవరిది కటింగులో ముక్కలైంది, ముందు ఎవరు చచ్చారు, చివరి దెబ్బ ఎవరికిచ్చారు, విగ్గు పెట్టుకుని దూకిన డూప్ ఎవరు... ఇవన్నీ ఫైట్ మాస్టరు, డైరెక్టరు, ఎడిటరు కూర్చుని తీసుకునే నిర్ణయాలు. ప్రాతినిధ్యం గురించి మాట్లాడాలంటే ముందు ఫైట్ ఎలా కడతారో తెలియాలి.

1966–67లో అమెరికా టీవీలో వచ్చిన 'ది గ్రీన్ హార్నెట్'లో బ్రూస్ లీది కేటో అనే డ్రైవర్ వేషం. ముఖానికి మాస్కు, మాటలు తక్కువ, హీరో వేరే. అయినా హాంకాంగ్ జనం దాన్ని 'కేటో షో' అనే పిలుచుకున్నారు. కొట్లాట మొదలైతే కళ్లు పోయేది ఆ డ్రైవర్ మీదికే మరి. 1972లో మొదలైన 'కుంగ్ ఫూ' సీరియల్లో సగం చైనా రక్తమున్న షావోలిన్ సన్యాసి వేషం డేవిడ్ కారడీన్‌కి వెళ్లింది. అప్పటికి ఆయన కుంగ్ ఫూ నేర్చుకున్నవాడు కాదు. ఆ సీరియల్ ఫైట్లలో స్లో మోషన్ బాగా వాడారు. విద్య రాని ఒంటిని కాపాడటానికి అది బాగా పనికొచ్చే పద్ధతి. వేషం ఎవరికిచ్చారన్నది కెమెరా దాకా ఎలా పాకుతుందో ఇక్కడే చూడొచ్చు.

బ్రూస్ లీ హాంకాంగ్ వెళ్లి, తనే రాసి, తనే డైరెక్ట్ చేసిన 'వే ఆఫ్ ది డ్రాగన్' 1972లో వచ్చింది. రోమ్ కొలోసియంలో అమెరికన్ కరాటే ఛాంపియన్ చక్ నోరిస్‌తో ఫైట్ అందరికీ తెలిసిందే. దాన్ని ప్రాతినిధ్యం కోణంలో మళ్లీ చూడండి. ఫైట్ మొదలవ్వకముందు ఇద్దరూ ఎదురెదురుగా వార్మప్ చేసుకుంటారు. కీళ్లు విరుచుకుంటారు, కాళ్లు సాగదీసుకుంటారు. అమెరికన్‌కీ అంతే టైము. మొదటి భాగంలో గెలిచేది అతనే, లీ కిందపడతాడు. తర్వాత లీ కాళ్ల లయ మార్చి, తేలిగ్గా గెంతుతూ, అందకుండా తిరుగుతూ దారి కనుక్కుంటాడు. అవతలివాడి చెయ్యి, కాలు పనిచెయ్యకుండా పోయాక కూడా లేచి నిలబడితే, లీ వద్దన్నట్టు తల ఊపుతాడు. వాడు వినడు. చంపాక లీ అతని కరాటే కోటూ బెల్టూ తెచ్చి ఒంటి మీద కప్పుతాడు.

విలన్ మనిషికి ఇక్కడ మూడు దక్కాయి: విద్య చూపించుకునే సమయం, కాసేపు నెగ్గే అవకాశం, ఓడిపోయినా మర్యాద. వేరే జాతి మనిషిని ఎదుట నిలబెట్టిన ఏ ఫైట్‌నైనా నేను ఈ మూడింటితోనే కొలుస్తాను.

మరుసటి ఏడాదే వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్'ని దీని పక్కన పెట్టండి. ముగ్గురు హీరోలు: చైనీయుడు, తెల్లవాడు, నల్లవాడు. నల్లజాతి హీరోగా వేసిన జిమ్ కెల్లీ ఉత్తుత్తి కరాటే మనిషి కాడు. 1971లో లాంగ్ బీచ్ పోటీల్లో మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచినవాడు. అతని పరిచయ సన్నివేశంలో కనిపించే డోజో (కరాటే నేర్పే బడి) మనుషులు లాస్ ఏంజెలిస్‌లో 1969లో పుట్టిన బ్లాక్ కరాటే ఫెడరేషన్ వాళ్లు. ఇంత నిజమైన సరుకు చేతిలో పెట్టుకుని, ఆ పాత్రని కథ మధ్యలో విలన్ చేతిలో చంపేశారు. చివరి యుద్ధానికి మిగిలింది లీ, తెల్లవాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు యాక్షన్ సినిమాల్లో ఇదే వరస నడిచింది. హీరోకి కోపం రావాలంటే పక్కనున్న నల్లజాతి మిత్రుడు చావాలి. ఎవరు ఎన్నో నిమిషంలో చస్తున్నారో గుర్తుపెట్టుకోండి, కథ ఎవరిదో అర్థమవుతుంది.

కెల్లీకి 1974లో 'బ్లాక్ బెల్ట్ జోన్స్'లో పూర్తి హీరో వేషం వచ్చింది. లీ చనిపోయాక 1978లో విడుదలైన 'గేమ్ ఆఫ్ డెత్'లో బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్-జబ్బార్‌తో ఫైట్ ఇంకా గొప్పది. కరీమ్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు, పైగా లీ దగ్గర నేర్చుకున్నవాడు. ఫైట్ మొత్తాన్ని ఆ ఎత్తు చుట్టూ కట్టారు. లీ దగ్గరికి వెళ్లలేడు, వెళ్లకుండా కొట్టలేడు. ఆఖరికి అవతలివాడి కళ్లు వెలుతురు భరించలేవని పసిగట్టి, కిటికీలు పగలగొట్టి గదిలోకి ఎండ రప్పిస్తాడు. ఒడ్డూ పొడుగూ, కన్ను, వెలుతురు. ఫైట్‌కి ఇవే ముడిసరుకు. అవతలివాడి జాతిని ఆటపట్టించే ఒక్క దెబ్బ కూడా అందులో అవసరం పడలేదు.

ఆడవాళ్ల ఫైట్లు ఎక్కడ పాడవుతాయి

ఈ విషయంలో హాంకాంగ్ మొదట్లో చాలా ముందుంది. 1966లో కింగ్ హూ తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో చెంగ్ పెయి-పెయి కథానాయిక. ఆమె నాట్యం నేర్చుకున్న మనిషి. డైరెక్టర్ ఆ లయనే కత్తియుద్ధానికి వాడుకున్నాడు: చాలాసేపు కదలకుండా నిలబడటం, ఒక్కసారి విరుచుకుపడటం, మళ్లీ నిలబడటం. ఏంజెలా మావో కొరియా యుద్ధవిద్య హాప్‌కిడో నేర్చుకుని 1972లో వరసగా సినిమాలు చేసింది. 'మై యంగ్ ఆంటీ'కి గాను కారా హుయికి 1982లో మొట్టమొదటి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. కుంగ్ ఫూ సినిమా నటికి ఉత్తమ నటి గుర్తింపు! బ్యాలే నేర్చుకున్న మిషెల్ యో, అమెరికన్ ఛాంపియన్ సింథియా రాత్‌రాక్ కలిసి 1985లో 'యెస్, మేడమ్!' చేశారు. మిషెల్ యో 1992లో కదిలే రైలు మీదికి మోటార్‌సైకిల్ దూకించింది. ఆస్కార్ ఉత్తమ నటి బహుమతి ఆమెకి అందేసరికి 2023 వచ్చింది.

ఈ చరిత్ర ఉన్నా, ఆడవాళ్ల ఫైట్లు తేలిపోవడానికి కొన్ని పక్కా కారణాలున్నాయి. అందులో మొదటిది బట్టలు. ఫైటర్ ఒంటి మీద మోకాలు, మోచెయ్యి, తుంటి, వెన్ను దగ్గర ప్యాడ్లు ఉండాలి. రోప్ షాటైతే లోపల హార్నెస్ (తాడు తగిలించే పట్టీలు) కూడా. మగ హీరోకి జాకెట్, ప్యాంటు ఉంటాయి కాబట్టి అన్నీ దాక్కుంటాయి. చేతుల్లేని పొట్టి గౌను వేసిన నటికీ ఆమె డూప్‌కీ ప్యాడ్ పెట్టే జాగా లేదు. అదే సిమెంటు నేల మీద, అదే ఎత్తు నుంచి, ఒట్టి చర్మంతో పడాలి. దాంతో ఫైట్ మాస్టర్ పడే షాట్లు తగ్గిస్తాడు, లేదా వేరే కోణంలో బెడ్డు వేసి ముక్కగా తీస్తాడు. తెర మీద మనకి ఆమె దెబ్బలు తినని, బరువు లేని మనిషిలా కనిపిస్తుంది. డిజైనర్ బొమ్మ గీసే రోజునే ఫైట్ మాస్టర్ ఆ గదిలో ఉండాలి. ప్యాడ్ల మీద వేసుకోవడానికి ఒక సైజు పెద్దది, రోప్ షాట్లకి తుంటి దగ్గర తెరుచుకునేది, డూప్‌కి విడిగా ఒక జత అప్పుడే రాయించుకోవాలి.

రెండోది చెప్పులు. హైహీల్స్‌తో పోరాడే పాత్ర అని రాస్తే, సెట్లో జరిగేది ఇదీ: కదిలే షాట్లన్నీ ఫ్లాట్ షూలతో చేయించి, పాదాలు ఫ్రేములోకి రాకుండా నడుం పైనుంచి తీస్తారు. మార్షల్ ఆర్ట్స్ అంతా పాదాల్లోనే ఉంది. నిలబడే తీరు, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడం, మడమ తిప్పి తుంటి విసరడం, దెబ్బలో బలం అక్కడినుంచే వస్తుంది. పాదం కనబడకపోతే చెయ్యి ఊపినట్టే ఉంటుంది. నటికి విద్య ఉన్నా లేనట్టే తెర మీద కనిపిస్తుంది, నింద కూడా ఆమెకే వస్తుంది.

జుట్టు సంగతీ అంతే. విరబోసిన జుట్టు డూప్ ముఖాన్ని దాచడానికి పనికొస్తుంది, కానీ నటి ముఖాన్నీ దాచేస్తుంది. ముడి వేసినా, జడ వేసినా కళ్లు కనిపిస్తాయి. ఫైట్‌లో నటన కళ్లలోనే.

ఇక తొడలతో మెడ పట్టి గిర్రున తిప్పి పడేసే ఆ ఎత్తు. గత ఇరవై ఏళ్లలో పాత్ర ఎవరైనా, విద్య ఏదైనా, ఆడ ఫైటర్ అనగానే ఇదే. దీన్ని చేయించే విధానం చూస్తే ఎందుకు అతుక్కుపోయిందో తెలుస్తుంది. ఆమె పరిగెత్తుకొచ్చి ఒక కాలు అతని భుజం మీద వేస్తుంది. అతను కొంచెం వంగి ఆమె నడుం దగ్గర చేత్తో ఆసరా ఇస్తాడు, లేదంటే ఆమె రోప్ మీద ఉంటుంది. ఆమె ఒళ్లు తిరగడం మొదలవగానే అతనే తనంతట తాను దొర్లుతాడు. అసలు పని అతనిదే. అతను అరక్షణం ముందు పైకి లేస్తే ఆమె బరువంతా అతని మెడ మీద పడుతుంది, ఆలస్యమైతే ఆమె తల నేలకి తగులుతుంది. మంచి ఫైటర్లు ఉంటే తెర మీద భలేగా ఉంటుంది, నటికి ఎక్కువ శిక్షణ అక్కర్లేదు. అందుకే వాడతారు. ఒక ఎత్తు ఒక జెండర్‌కి యూనిఫాం అయిపోవడం మాత్రం బద్ధకమే అంటాను.

దానికి బదులు ఏం చెయ్యాలి? 55 కిలోల మనిషి 95 కిలోలవాడిని ఎదిరించాలంటే లక్ష్యాలు మార్చాలి. గుండె మీద గుద్దుల కన్నా మోకాలి పక్క, పాదం, వేళ్లు, గొంతు, చెవి. మొదటి దెబ్బ ఎదుటివాడి నిలకడ తీయాలి, రెండోది కిందికి వంచాలి, మూడోది వంగిన తలకి. గోడలు, బల్లలు, తలుపులు వాడాలి. ముఖ్యంగా ఆమె ఒకసారి పట్టుబడి, బరువు కింద నలిగి, బయటపడాలి. బరువు తేడాని కథ ఒప్పుకుంటేనే గెలుపు నమ్ముతాం.

ఇందులో అవతలి ఫైటర్ పాత్ర సగం. గుద్దు నిజానికి ముఖానికి జానెడు దూరంలోంచి పోతుంది. కెమెరాని కొట్టేవాళ్ల భుజం వెనకో, తినేవాళ్ల వెనకో పెట్టి ఆ ఖాళీని మింగేస్తారు. తగిలిందని మనం నమ్మేది రియాక్షన్ వల్లే. మెడ ముందు కదలాలి, తర్వాత భుజం, తర్వాత కాళ్లు. ఒళ్లంతా ఒకేసారి ఎగిరిపోతే నాటకంలా ఉంటుంది, ఆలస్యమైతే దెబ్బ తగలనట్టుంటుంది. నటి గుద్దు తేలిగ్గా ఉందని అనిపించే చాలా షాట్లలో లోపం ఆమె చేతిలో ఉండదు, అవతలివాడి మెడలో ఉంటుంది. హీరో గుద్దుకి బాగా పడే ఫైటర్లనే హీరోయిన్ ఎదుట కూడా పెట్టాలి. చాలా యూనిట్లలో మంచి వాళ్లు హీరో షాట్లకే పోతారు.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఇంకొకటి: విలన్ గ్యాంగులో ఒక్క ఆడమనిషిని పెట్టి, క్లైమాక్సులో హీరోయిన్‌ని ఆమెకి కేటాయించడం. మగవాళ్ల ఫైట్ కథని ముగిస్తుంది, ఆడవాళ్ల ఫైట్ పక్క గదిలో జరుగుతుంది.

సెకన్ల లెక్క

షాటు ఎంతసేపు ఉందన్నది నమ్మకానికి కొలత. ఆరు నుంచి ఎనిమిది కదలికలు ఒకే షాట్లో, తల నుంచి పాదం దాకా ఫ్రేములో కనిపిస్తే ఆ మనిషికి విద్య వచ్చని ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. ప్రతి దెబ్బకీ కట్ పడితే ఎవరు ఎవరిని కొట్టారో కూడా తెలియదు. హాంకాంగ్ పద్ధతిలో ఫైట్ మాస్టరే కెమెరా ఎక్కడుండాలో చెప్తాడు, ఎడిటింగ్ తలలో ఉంచుకుని ముక్క తర్వాత ముక్క తీస్తాడు. వేగం కోసం సెకనుకి 22 ఫ్రేములు తీసి 24లో చూపిస్తే కదలిక 9 శాతం పెరుగుతుంది, కన్ను పట్టుకోదు. 20కి దిగితే 20 శాతం పెరుగుతుంది. బట్టలు, జుట్టు, పడే దుమ్ము అసహజంగా కనిపించి పట్టిచ్చేస్తాయి.

ఇది ప్రాతినిధ్యానికి ఎలా ముడిపడుతుందంటే, పొడవు షాటు కావాలంటే శిక్షణ కావాలి, శిక్షణకి టైము కావాలి. విద్య లేని నటుడిని తెర మీద నిలబెట్టడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి మూడు వారాలు నిలబడటం, నడవడం, పడటం మాత్రమే. ఆ తర్వాత గుద్దు, అడ్డుకోవడం, తన్ను. కంపోజ్ చేసిన ఫైట్ ముక్కలు ఆఖరి నెలలో. 'ది మేట్రిక్స్' కోసం హాంకాంగ్ ఫైట్ మాస్టర్ యుయెన్ వో-పింగ్ నాలుగు నెలల శిక్షణ పట్టుబట్టి ఇప్పించుకున్నాడు. హీరో కియాను రీవ్స్‌కి అప్పుడే మెడ ఆపరేషన్ అయ్యి, శిక్షణలో చాలాకాలం తన్నలేకపోయాడు. అందుకే ఆ సినిమాలో అతని తన్నులు తక్కువ. ఫైట్‌ని అతని ఒంటికి తగ్గట్టు కట్టారు.

ఆ ఓపిక, ఆ డబ్బు అందరికీ దొరకదు. కొత్త ముఖం, మైనారిటీ నేపథ్యం ఉన్న నటుడి పేరు ఖాయం చేయడానికి స్టూడియోలు తటపటాయిస్తాయి. షూటింగుకి రెండు మూడు వారాల ముందు సంతకం అవుతుంది. నేర్చుకునే టైము పోతుంది. డూప్‌ల మీద, కటింగు మీద ఫైట్ నడుస్తుంది. ఆఖర్న 'ఆ నటుడు యాక్షన్‌కి పనికిరాడు' అన్న మాట మిగులుతుంది. ఏ సినిమాలోనైనా ఫైట్ ముక్కలు ముక్కలుగా ఉంటే నటుడిని తిట్టేముందు, సంతకానికీ మొదటి షాటుకీ మధ్య ఎన్ని వారాలున్నాయో ఆలోచించాలి.

రిహార్సల్ వీడియోల్లోనూ ఒక మెలిక ఉంది. అట్టపెట్టెలు పేర్చి, ఫైటర్లతో ఫైట్ మొత్తం ముందుగా తీసి డైరెక్టర్‌కి చూపిస్తారు. అందులో హీరోయిన్ స్థానంలో ఆరడుగుల మగ ఫైటర్ చేస్తే, అడుగుల దూరాలు, చేతుల అందుబాటు అన్నీ అతని కొలతల్లో స్థిరపడిపోతాయి. సెట్లో ఐదడుగుల రెండంగుళాల నటి వచ్చేసరికి చెయ్యి చేరదు, తన్ను తుంటి దగ్గర ఆగుతుంది. అప్పటికప్పుడు మార్చడానికి టైము ఉండదు, షాటు ఎగిరిపోతుంది. రిహార్సల్లో దాదాపు అదే ఎత్తు మనిషిని పెట్టడం ఖర్చులేని పరిష్కారం.

డూప్‌లు, గుంపులో ఫైటర్లు

1981లో వచ్చిన 'ఎంటర్ ది నింజా'లో తెల్ల దుస్తుల నింజా హీరోగా ఇటాలియన్ నటుడు ఫ్రాంకో నీరో. ముసుగు వేసుకున్నాక ఫైట్లు చేసింది కరాటే ఛాంపియన్ మైక్ స్టోన్. సినిమాలో అసలైన జపాన్ యోధుడు షో కొసుగికి విలన్ వేషం. రెండేళ్లకి 'రివెంజ్ ఆఫ్ ది నింజా'లో ఆయనే హీరో అయ్యాడు, ముఖం కనిపించే పొడవాటి షాట్లు వచ్చాయి.

ముసుగులో ఎవరున్నా పర్లేదనే ఆలోచన వల్లే హాలీవుడ్‌లో రెండు అలవాట్లు పాతుకుపోయాయి. నటికి మగ డూప్‌ని పెట్టి విగ్గు తగిలించడం ఒకటి. నల్లజాతి నటులకి తెల్ల డూప్‌ని పెట్టి ముఖానికి రంగు పూయడం రెండోది. దీన్ని ఎదిరించే నల్లజాతి స్టంట్ కళాకారులు 1967లో బ్లాక్ స్టంట్‌మెన్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అమెరికా నటుల సంఘం ఒప్పందంలో కూడా, పాత్ర జెండరూ జాతీ తెలిసిపోయే చోట అలాంటి డూప్‌నే పెట్టడానికి ప్రయత్నించాలని ఉంది. 'ప్రయత్నించాలి' అన్నంత వరకే. 2014లో కూడా ఒక అమెరికన్ టీవీ సీరియల్లో తెల్ల స్టంట్ నటికి రంగు పూసే ప్రయత్నం జరిగి, వార్త బయటికి రాగానే మానుకున్నారు.

స్టంట్ కోఆర్డినేటర్లు ఎప్పుడూ చెప్పే కారణం ఒకటే: అనుభవం ఉన్నవాళ్లు దొరకలేదు. ఇది కొంత నిజం. ఎందుకు నిజమో చూడాలి. డూప్‌గా ఎదగాలంటే ముందు గుంపులో ఫైటర్‌గా వందల రోజులు పనిచెయ్యాలి. హీరో చేతిలో తన్నులు తినే గ్యాంగు మనుషులు, సైనికులు, గార్డులు, కారు నడిపేవాళ్లు. పడటం, రియాక్షన్, కెమెరా కోణం అన్నీ అక్కడే వస్తాయి, రోజుకూలీ కూడా అక్కడే. స్క్రిప్టులో 'ముప్పై మంది రౌడీలు' అని రాస్తే ముప్పై మందీ మగవాళ్లే అని అందరూ అనుకుంటారు. ఆడ ఫైటర్‌కి సినిమా మొత్తంలో దొరికేది హీరోయిన్ డూప్ పని ఒక్కటే, అది కూడా ఎత్తు, ఒళ్లు సరిపోతే. నల్లజాతి ఆడ ఫైటర్‌కి ఆ ఒక్కటి కూడా నల్లజాతి హీరోయిన్ ఉంటేనే. పదేళ్ల తర్వాత అనుభవం లేదనే మాట మళ్లీ వినిపిస్తుంది.

కాబట్టి నా దృష్టిలో ప్రాతినిధ్యానికి అసలైన తలుపు రౌడీల గుంపు. ముప్పైలో ఎనిమిది మంది ఆడవాళ్లని పెట్టినా కథకి ఏమీ కాదు. ముసుగులు, హెల్మెట్లు ఉన్న చోటైతే ప్రేక్షకుడికి తెలియను కూడా తెలియదు. ఐదారు సినిమాలు అలా జరిగితే డూప్‌లు, తర్వాత అసిస్టెంట్ ఫైట్ మాస్టర్లు అందులోంచే వస్తారు.

లైటింగ్ గురించి చిన్న మాట. రాత్రి ఫైట్లలో నల్లటి గోడ ముందు, నల్లటి బట్టల్లో, ముదురు చర్మమున్న నటుడిని పెట్టి, తెల్ల ముఖానికి సరిపోయిన వెలుతురే వాడితే అతని చేతులు మాయమవుతాయి. దెబ్బ కనిపించకపోతే విద్య లేనట్టే. వెనక పక్కనుంచి అంచు వెలుతురు వేయాలి, బట్టలు గోడ రంగుకి తేడాగా ఉండాలి, ముంజేతులు కనిపించేలా చొక్కా చేతులు మడవాలి. చర్మం మీద మెరుపు ఉంటే కండ కదలిక బాగా తెలుస్తుంది, పౌడరు పూసి ఆ మెరుపు చంపకూడదు.

విద్య ఎవరిది

'ఆసియా మార్షల్ ఆర్ట్స్' అనే ఒకే గంపలో అన్నిటినీ పడేయడం పాత జబ్బు. 2010 'ది కరాటే కిడ్' కథ బీజింగ్‌లో జరుగుతుంది, నేర్పేది కుంగ్ ఫూ. చైనాలో ఆ సినిమాకి 'కుంగ్ ఫూ కల' అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. 1984 నాటి మొదటి సినిమాలో గురువు వేసిన పాట్ మోరీటా కాలిఫోర్నియాలో పుట్టినవాడు, మామూలుగా అమెరికన్ యాసలోనే మాట్లాడతాడు. పాత్ర కోసం జపాన్ యాస పెట్టుకున్నాడు. ఫైట్లలో ఆయన డూప్ కరాటే గురువు ఫ్యూమియో డెమురా. ఆ పాత్ర గౌరవంగా నిలబడటానికి ఆ ఇద్దరూ కారణమే. 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో చౌ యున్-ఫాట్‌ది హాంకాంగ్, మిషెల్ యోది మలేషియా. సినిమా భాష మాండరిన్ చైనీస్; వాళ్ల యాస చైనా ప్రేక్షకుల చెవికి గుచ్చుకుంది. సబ్‌టైటిల్స్ చదివే మనకి ఆ తేడా అసలు చేరదు.

సొంత విద్యతో సొంత సినిమా తీస్తే ఏమవుతుందో థాయ్‌లాండ్, ఇండోనేషియా చూపించాయి. 2003 'ఓంగ్-బాక్'లో టోనీ జా రోప్ లేకుండా మోకాలు, మోచెయ్యి ప్రధానంగా థాయ్ యుద్ధవిద్య మువాయ్‌లోని పాత ఎత్తులు వేశాడు. ఫైట్లు పన్నా రిట్టిక్రాయ్‌వి. అంతకుముందు తన్నుల మీదే నడిచిన తెరకి దగ్గరి దూరపు దెబ్బ కొత్త. 2011 'ది రెయిడ్'లో ఇండోనేషియా యుద్ధవిద్య సిలాట్ వచ్చింది. డైరెక్టర్ వేల్స్‌వాడైన గారెత్ ఎవాన్స్, ఫైట్లు కట్టింది ఇకో ఉవైస్, యాయాన్ రుహియాన్. బయటివాడు కెమెరా పట్టుకున్నా వ్యాకరణం లోపలివాళ్ల చేతిలోనే ఉంది. ఇరుకు కారిడార్‌లో మోకాలి వెనక తన్ని, మెడ పట్టి గోడకేసి తోసే ఆ దగ్గరితనం సిలాట్‌దే.

హాంకాంగ్ కూడా ఈ పరీక్షలో అన్నిసార్లూ నెగ్గదు. 2008 'ఇప్ మ్యాన్'లో విలన్ జపాన్ అధికారి, 2010 రెండో భాగంలో బ్రిటిష్ బాక్సర్. మొదటివాడికి కనీసం విద్య మీద గౌరవం ఉంది. బాక్సర్ పాత్ర మాత్రం అరవడానికే పుట్టినట్టుంటుంది. బాక్సింగ్‌లో ఉన్న అడుగుల తెలివి, తల కదలిక ఆ ఫైట్‌లో సరిగ్గా వాడుకోలేదు. అవమానపడ్డ జాతి తన గౌరవాన్ని తెర మీద గెలుచుకోవాలనుకోవడం అర్థమవుతుంది. అయినా ఎదుటి విద్యని తగ్గిస్తే మన గెలుపే చిన్నదవుతుంది.

వైకల్యం విషయంలో ఈ సినిమాలకి విచిత్రమైన చరిత్ర ఉంది. జపాన్ గుడ్డి ఖడ్గవీరుడు జాటోయిచి 1962 నుంచి ఉన్నాడు, హాంకాంగ్‌లో 1967లో ఒంటిచేతి ఖడ్గవీరుడు వచ్చాడు. వేసినవాళ్లు చూపున్నవాళ్లే, రెండు చేతులున్నవాళ్లే. చేతిని అంగీ లోపల ఒంటికి కట్టేసి చేయిస్తే భుజం ఉబ్బుగా కనిపిస్తుంది, నడుం తిరిగే తీరు రెండు చేతులవాడిదే. చెయ్యి లేకపోతే ఒంటి తూకమే వేరు, నడుం ఇంకోలా తిరుగుతుంది. 1979లో తైవాన్ సినిమా 'ది క్రిపుల్డ్ మాస్టర్స్'లో ఒకరికి చేతులు, ఒకరికి కాళ్లు సరిగా లేని ఇద్దరు నిజమైన వికలాంగులే హీరోలు. పేరు మొరటుగా ఉంది, మార్కెటింగ్ వాళ్లని వింతగా చూపించి అమ్ముకుంది, అది తప్పే. కానీ కాళ్లు లేనివాడు చేతుల మీద నడుస్తూ, నేలకి దగ్గరగా దొర్లుతూ కొట్టే ఎత్తులు ఆ ఒంట్లోంచి మాత్రమే పుడతాయి. 2021లో 'హాక్‌ఐ' సిరీస్‌తో వచ్చిన అలాక్వా కాక్స్ వినికిడి లేని నటి, కృత్రిమ కాలున్న మెనామినీ అనే అమెరికా ఆదివాసీ తెగ అమ్మాయి. ఆమెకి ఫైట్ కట్టేటప్పుడు అరిచి చెప్పే క్యూ (ఇప్పుడు కదులు అనే గుర్తు) పనిచెయ్యదు. అవతలి ఫైటర్ భుజం కదలికో, నేల అదురో, కంటిచివర కనిపించే చేతి సైగో క్యూ కావాలి. అలా కట్టిన ఫైట్‌లో ఇద్దరి చూపులూ ఒకరి మీద ఒకరికి అతుక్కుని ఉంటాయి. వినికిడి ఉన్నవాళ్ల ఫైట్లకి కూడా అది మేలే.

స్టంట్ డిజైన్‌కి ఆస్కార్ ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2027లో విడుదలయ్యే సినిమాలకి, 2028లో జరిగే నూరో వేడుకలో మొదటిసారి ఇస్తారు. అప్పటిదాకా ఎండ్ టైటిల్స్‌లో స్టంట్ కాలమ్ చదవడం అలవాటు చేసుకోండి. కోఆర్డినేటర్ ఎవరు, ఫైట్ కొరియోగ్రాఫర్ ఎవరు, ప్రతి ప్రధాన పాత్ర పక్కన డూప్‌గా ఎవరి పేరుంది, గుంపులో పేర్లు ఎలాంటివి. ఒకే ఫైట్ మాస్టర్ సినిమాలు మూడు నాలుగు వరసగా చూస్తే, అతని టీములోకి ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరు గుంపులోంచి డూప్‌గా ఎదిగారో ఆ కాలమ్‌లోనే తెలిసిపోతుంది.